పట్టు అంచున పచ్చ మరక

మా గ్రాంజే గారి చిత్రశాలలో ఎవరి పని వాళ్లది. ఒకడు ఆకాశం వేస్తే ఇంకొకడు చెట్లు వేస్తాడు. ముఖాలు యజమానివి, పట్టు గౌన్లు పెరీన్‌వి, రంగులు నూరడం నాది. ఇన్ని చేతులు పడ్డాకే ప్యారిస్‌లో ఏ గొప్పింటి గోడ మీదో దొరలూ దొరసానులూ పచ్చిక మీద చేరి గిటారు వింటూ కనబడతారు.

పెరీన్ సేన్ నది రేవులో బట్టలుతికి బతికిన మనిషి. ఈ చిత్రశాలలోనే పనిచేసే మొగుడికి చూపు తగ్గాక అతని వంతు గౌన్లు తనే చాటుగా వేసింది. అతను పోయాక యజమాని ఆమెనే ఉంచుకున్నాడు గానీ, ఒక్క ఫిర్యాదొస్తే మాన్పిస్తానని ముందే చెప్పాడు.

ఆ ఫిర్యాదు, మా బొమ్మ కొనుక్కున్న వోక్లేర్ దొరసాని ఇంటి నుంచి వచ్చింది. బొమ్మలో కూర్చున్న అమ్మాయి గౌనుకి పచ్చగా మరక ఉందట!

"కొంప ముంచావు కదటే!" అన్నాడు యజమాని. రంగుల పెట్టె నాకిచ్చి ఇద్దర్నీ వెంటబెట్టుకు బయల్దేరాడు.

నాకు తెలుసుకోవాలన్న దురద ఎక్కువ. దారిలో ఉండబట్టలేక అడిగాను. "తెలిసే వేశావా వదినా?"

"గడ్డిలో కూర్చుంటే పసరు అంటదుటే?" అంది. అడుగులు మాత్రం వెనకపడుతున్నాయి. బువ్వ పోయే భయం మరి.

దొరసాని బొమ్మ ఉన్న గోడ దగ్గరే నిలబడి ఉంది.

"చెరిపించేస్తానమ్మగారూ, దీన్నీ పంపించేస్తాను," అన్నాడు యజమాని.

ఆవిడ అతన్ని పట్టించుకోలేదు. "మరక ఇలాగే పడుతుందని నీకెలా తెలుసు?" అని పెరీన్‌ని అడిగింది.

"ఇరవయ్యేళ్లు ఉతికానమ్మగారూ. మీ ఇంటివి కూడా."

"నావి కూడానా? వాటికీ ఉండేదా?"

పెరీన్ తలొంచుకుంది. "మీ వాటికి ఒక్కనాడూ లేదమ్మగారూ."

ఇక పెరీన్ పని పోయినట్టే అనుకున్నాను. దొరసాని మాత్రం వేలితో ఆ మరకని తడిమింది.

"ఉతికితే పోతుందా?"

"పోదమ్మగారూ."

"అయితే ఉండనీ," అంది ఆవిడ. రంగుల పెట్టె తెరిపించకుండానే యజమాని మమ్మల్ని వెంటబెట్టుకు మెట్లు దిగాడు. మర్నాడు ఇంకో గౌను వెయ్యమని పెరీన్‌కే పురమాయించాడు.

జూన్‌లో, ఆ రేవులోనే బట్టలుతికే పెరీన్ చెల్లెలు విసుక్కుంటూ చిత్రశాలకి వచ్చింది. "ఆ వోక్లేర్ వాళ్ల మూటలో దొరసాని తెల్ల పరికిణీ ఉందక్కా, మోకాళ్ల దగ్గరంతా పచ్చ మరకే! రెండ్రోజులుగా రుద్ది చస్తున్నా."

పెరీన్ కుంచె కింద పెట్టింది.

"రుద్దకే తల్లీ, అలాగే పంపెయ్," అంది.