నేను తీయించిన గడి

మా పెద్ద డాక్టరు పోయారని సోమవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. తుంటి ఎముక విరిగి, శంషాబాద్‌లో తాను ఏళ్ల తరబడి పనిచేసిన ఆసుపత్రిలోనే చేరారు. ఆపరేషన్ బాగానే అయింది. మూడో రోజు కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయింది. అదే ఆసుపత్రికి సూపరింటెండెంటుగా చేసి రిటైరైనవాణ్ణి నేను. సంతాపసభలో మాట్లాడమన్నారు. పోలేదు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన రోగి మంచం అంచున కూర్చునేవారు. ముందు ఊరు, తర్వాత తిండి, ఆఖరున రోగం అడిగేవారు. "రోగం తొందర్ల చెప్పదు తమ్మీ, జర కూసుంటే చెప్తది" అనేవారు నాతో.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు యాజమాన్యాన్ని కలిశారు, నన్ను కలిశారు. వార్డుల్లో తిరిగే ఒక్క డాక్టర్నీ అడగలేదు. జ్వరం మాత్ర రాయాలన్నా తొమ్మిది చోట్ల నొక్కాలి. అమ్మినవాళ్లు ఈపాటికి, మాకు చూపిన రంగురంగుల బొమ్మలే మరో ఆసుపత్రిలో చూపిస్తుంటారు.

ఒకరోజు మహేశ్వరం నుంచి వచ్చిన ముసలమ్మ ఆయన్ను గదమాయించింది. "ఏంది బిడ్డా, ఆ టీవీ దిక్కే చూడవడ్తివి? నొప్పి నా కాడుంది."

"దీనికి గూడ బువ్వ పెట్టాలె అవ్వా. లేకుంటే నీకు గోలీలు ఇయ్యనియ్యదు."

ఆ తెరలో ఆయనకు నచ్చింది ఒక్కటే, అట్టడుగున 'ఇతర వివరాలు' అనే గడి. అందులో తెలుగులో రాసేవారు: 'చదువు రాదు. తెల్ల గోలీ పొద్దుగాల, పచ్చది మాపటికి అని చెప్పిన. కొడుకు ఎయిర్‌పోర్టుల లోడరు, ఆదివారం వస్తడు.' ఆయన్ను చూసి మిగతావాళ్లూ రాయసాగారు. ఇలా రాసినవి నెలవారీ రిపోర్టుల్లోకి రావని కంపెనీవాళ్లు గొణిగారు. నేను గడి తీయించేశాను.

ఆయన నా గదికి వచ్చారు.

"గా గడి తీసేసినవట?"

"రిపోర్టులు సరిగా రావట్లేదు, అన్నా."

"మనిషి చెప్పిన మాట యాడ రాయాలె మరి?"

"ఉన్నవాటిలో ఏదో ఒకటి నొక్కండి."

ఆయన నవ్వారు. "నువ్వు గన్ని పుస్తకాలు సదివినవ్. ఒక్కదాంట్ల గూడ గిట్ల గళ్లు లేవు గదా?"

ఆ మాట గుచ్చుకుంది. ఆ రోజు నుంచి ఆయన చీటీలు రాసి, నాలుగు మడతలు పెట్టి తర్వాతి డ్యూటీ డాక్టరుకు పంపసాగారు. వార్డులో చీటీలు నిషేధమని నేను సర్క్యులర్ తీశాను. అందులో ఎంత నిర్వహణ ఉందో, ఎంత కక్ష ఉందో నాకు తెలుసు.

ఆపరేషన్ అయిన ఆ మూడో రోజు పొద్దున ఆయన డ్యూటీ డాక్టరమ్మతో పిక్క గుంజుతోందని చెప్పారు. తెర మీద నొప్పికి ఉన్నది పదికి ఎంత అనే ఒక అంకె, ఎక్కడో రాసే చోటు లేదు. ఆపరేషన్ నొప్పే అనుకుని ఆ అమ్మాయి 'రెండు' నొక్కింది. ఇంతలో అత్యవసర కేసు వస్తే పరుగెత్తింది. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన డాక్టరుకు తెర మీద ఆ రెండే కనిపించింది.

ఇప్పుడు విచారణ జరుగుతోంది. తప్పంతా ఆ పిల్ల మీద పెడుతున్నారు. సర్క్యులర్ మీద నా పక్కన సంతకం చేసిన పెద్దమనుషులే కమిటీలో కూర్చున్నారు. చెప్పింది రాసుకునే చోటు తీసేసినవాణ్ణి నేనని వాళ్లకు ఉత్తరం రాసి ఇచ్చాను. దాచిపెడతారని తెలుసు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

ఉత్తరం ఇచ్చి వస్తుంటే వార్డు సిస్టరు ఆపింది. పోయిన రోజు మధ్యాహ్నం ఆయన తనకొక చీటీ ఇచ్చారట.

"డాక్టరుకు ఇద్దామంటే మీ సర్క్యులర్ ఇంక గోడకే ఉన్నది సార్. రౌండ్లకు వస్తే నోటితోని చెప్దామని గ్లాసు కింద పెట్టిన. ఆ సారు వచ్చేటాలకే అయిపోయింది."

ఆ చీటీ నా చేతిలో పెట్టింది. నాలుగు మడతలు. పైన గ్లాసు అడుగు గుండ్రంగా దిగిన తడి మరక. లోపల వణికిన అక్షరాలు: 'ఎడమ పిక్క గుంజుతున్నది. పొద్దుగాల చెప్పిన. జర చూడుండ్రి.'