పేరొక చోట, మనిషొక చోట

రిటైరవడానికి ఆరేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, కొల్లేరు అంచున ఉన్న రొయ్యల ప్లాంటులో టెక్నాలజిస్టు ఉద్యోగానికి రాజీనామా చేశాను. తణుకు దగ్గర మరో ప్లాంటువాళ్ళు నన్ను క్వాలిటీ మేనేజరుగా తీసుకుంటామని ఆఫర్ లెటర్ పంపారు. హోదా పెద్దది, పని నాకు నచ్చినది. వెళ్ళిపోవడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు.

టెక్నాలజిస్టు అంటే యంత్రాలు చూసే మనిషి అనుకుంటారు చాలామంది. కాదు. చెరువు నుంచి వచ్చిన రొయ్య ప్లాంటు గేటు దాటింది మొదలు, గడ్డకట్టి కంటెయినరు ఎక్కేదాకా దాని మంచిచెడ్డలకు పూచీ మాది. యాంటీబయాటిక్ మందుల జాడ ఉందా, కడిగిన నీళ్ళు శుభ్రమైనవేనా, చలి సరిపోయిందా అన్నీ పరీక్షించి షీటు కింద సంతకం పెడతాం. ఆ సంతకం పెట్టే మనిషిని అధికారులు ఇంటర్వ్యూ చేసి, పేరు ఆమోదిస్తేనే ప్లాంటు నుంచి సరుకు దేశం దాటుతుంది. ఒక పేరు ఒక ప్లాంటులోనే ఉండాలి. పాత చోట తీసేస్తే గాని కొత్త చోట ఎక్కదు. తీసేయాలంటే పాత యజమాని ఇచ్చే రిలీవింగ్ లెటర్ కావాలి. ఆయన ఇవ్వకపోతే మనమే అధికారులకు రాసుకోవచ్చు గాని, ఆ విచారణ తేలేసరికి కొత్త ఉద్యోగం చేజారిపోతుంది.

నోటీసు పీరియడ్ పూర్తిచేశాను. ల్యాబ్ తాళాలు, లాప్‌టాప్ అప్పగించాను. ఎవరికీ ఏమీ బాకీ లేనని అన్ని విభాగాల చేత సంతకాలు పెట్టించాను. ఇక నాకు రావలసినవి రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్. వాటితోపాటు పీఎఫ్ ఖాతాలో నేను ఉద్యోగం మానేసిన తేదీ ఎక్కించాలి. ఆ తేదీ ఎక్కేదాకా కంప్యూటరు దృష్టిలో నేనింకా అక్కడి ఉద్యోగినే.

ఆఫీసు మేనేజరు మూర్తి గారిది మెత్తటి మాట. ‘‘ఒక్క రెండ్రోజులండీ మేడమ్ గారూ. ఓనరు గారి సంతకం అయిపోగానే నేనే ఫోన్ చేస్తానుగా’’ అన్నారు. ఆ ఫోన్ రాలేదు. నేను చేస్తే, ఓనరు గారు ఊళ్ళో లేరండీ అనేవారు. ఇంకోసారి చేస్తే లెటర్‌హెడ్లు అయిపోయాయండీ అన్నారు. లెటర్‌హెడ్లు లేని కంపెనీ అమెరికాకు రొయ్యలు ఎలా పంపుతోందో ఆయనకే తెలియాలి. తణుకు వాళ్ళు మర్యాదగానే చెప్పారు: ఒకటో తారీఖులోగా లెటర్ తేకపోతే వేరే మనిషిని చూసుకుంటామని.

అప్పుడు జ్యోతి ఫోన్ చేసింది. ల్యాబ్‌లో నా దగ్గర చాలా కాలం అసిస్టెంటుగా చేసిన అమ్మాయి. ఫిషరీస్‌లో పీజీ చదివింది, పనిమంతురాలు.

‘‘మేడమ్ గారండీ, షీట్ల కింద ఇంకా మీ పేరే వస్తుందండీ. సంతకం చోటు ఖాళీగా ఉంచమన్నారండీ మూర్తి గారు. ఆదివారం ఆదివారం మీరొచ్చి పెట్టేస్తారంట కదండీ?’’

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చూడని సరుకుకు, నేను చేయని పరీక్షలకు నా పేరు. ఏ దేశంవాళ్ళైనా ఆ సరుకు తిప్పి పంపితే ముందుగా పోయేది నా పేరే.

మరునాడు ఏలూరులో బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. ప్లాంటు ఓనరు సుబ్బారావు గారిది వ్యాపార కుటుంబం. మందుల షాపులతో పైకొచ్చి, చెరువుల జోరు చూసి ప్లాంటు పెట్టారు. ఎంత పెద్ద ప్లాంటున్నా పొద్దుటిపూట గూడెంలో మందుల షాపు గల్లాపెట్టె దగ్గరే కూర్చుంటారు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేయించారు, కాఫీ తెప్పించారు. మర్యాదకు ఆయన దగ్గర ఎప్పుడూ లోటు లేదు.

ఆయన వెనక గోడమీద ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది, పసుపు కుంకుమ బొట్లతో. షాపులో మాత్రం ఫార్మసిస్టు లేడు. ఎక్కడున్నారని అడిగాను.

‘‘అత్తిలిలో ట్యూషన్లు చెప్పుకుంటున్నాడండీ. ఆయనకేం లోటు చేయట్లేదు, నెలనెలా పంపించేస్తున్నాం’’ అన్నారు, ఏ దాపరికమూ లేకుండా. ఆ వెంటనే, ‘‘మీరూ అలాగే వెళ్ళండమ్మా. ఎవరు కాదన్నారు? పేరొక్కటి ఉండనివ్వండి’’ అన్నారు.

అప్పుడు బోధపడింది నాకు. తాను నన్ను సతాయిస్తున్నానని ఆయన అనుకోవడం లేదు. ఆయన అలవాటులో పేరంటే గోడకు తగిలించేది, షాపుకు చెందినది. మనిషి వెళ్ళిపోయినా అది గోడమీదే ఉంటుంది. అందుకే నాకు మరీ కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

‘‘సుబ్బారావు గారూ, ఆ అద్దంలో పెట్టడానికి నేను ఫొటోనైపోలేదండీ ఇంకా’’ అన్నాను. షాపు కుర్రాళ్ళు తలలు దించుకుని నవ్వుకున్నారు. ఆయనా నవ్వేశారు. తర్వాత అసలు భయం బయటపెట్టారు. ‘‘సీజన్ మధ్యలో ఉన్నామమ్మా. మీ పేరు తీసేస్తే ప్లాంటు ఆగిపోద్ది. రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళు అంతమంది ఉన్నారు, వాళ్ళకేం చెప్పను?’’

ఆ మాట నిజమే. నేను కూడా ఆలోచించుకునే వెళ్ళాను. జ్యోతికి చదువు, అనుభవం రెండూ ఉన్నాయని, ఆమె పేరు ఎప్పుడో పంపవలసిందని, నా పేరు తీసేయమన్న లెటరు, ఆమె పేరు ఎక్కించమన్న దరఖాస్తు ఒకే కవరులో పెట్టమని చెప్పాను. ఆ రెండూ, వాటితోపాటు నా రిలీవింగ్ లెటరూ, సర్వీస్ సర్టిఫికెట్టూ టైపు చేయించి తీసుకెళ్ళాను కూడా. మీరు సంతకం పెట్టినా పెట్టకపోయినా నేనక్కడ పనిచేయడం లేదని రేపు అధికారులకు రాస్తానన్నాను. అలా రాస్తే నా ఉద్యోగమూ పోతుందని ఆయనకు తెలుసు. అయినా రాస్తానని కూడా, నన్ను ఇన్నేళ్ళు చూసిన మనిషి గనుక, తెలుసు.

‘‘ఇన్నేళ్ళున్నారు, మా మీద కంప్లైంటు పెడతారా అమ్మా?’’

‘‘కంప్లైంటు కాదండీ. నేనెక్కడుంటే నా పేరక్కడే ఉంటుంది.’’

కాఫీ చల్లారేలోగా సంతకాలయ్యాయి. పీఎఫ్ తేదీ కూడా ఎక్కించేయమని మూర్తి గారికి అక్కణ్ణుంచే ఫోన్ చేశారు. జ్యోతి ఇంటర్వ్యూ నెగ్గింది. ఆ పేరు ఖరారయ్యేదాకా కొద్దిరోజులు ప్లాంటు ఆగింది. ఆ రోజుల్లో పని లేకపోయిన ఆడవాళ్ళను తలచుకుంటే నాకు బాధే. అయినా మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను.

ఒకటో తారీఖున కాగితాలు పట్టుకుని తణుకు ప్లాంటుకు వెళ్ళాను. హెచ్ఆర్ అబ్బాయి నా లెటర్ చూసి ఎంతో సంతోషించాడు. ‘‘మీ అప్రూవల్ వచ్చేదాకా పాతాయన పేరే నడిపిద్దామండీ మేడమ్’’ అన్నాడు.

పాతాయన ఎక్కడున్నారని అడిగాను. మానేసి వెళ్ళిపోయారట. ఉంగుటూరులో ఇంటి దగ్గరే ఉంటున్నారట. రిలీవింగ్ లెటర్ కోసం వస్తూనే ఉన్నారట. ‘‘మీరొచ్చాక ఇద్దామని ఆపామండీ.’’

నాకు ఉద్యోగం ఇవ్వడానికి వీళ్ళు ఇంకొకరి ఉద్యోగం పట్టుకుని కూర్చున్నారు. నా కాగితాలు తిరిగి ఫైల్లో పెట్టుకున్నాను. ముందు ఆయన లెటర్ ఇవ్వండి, తర్వాతే నేను చేరతానని చెప్పి, గేటు దగ్గరి సెక్యూరిటీ గదిలో కూర్చున్నాను. మధ్యాహ్నం ఆఫీసులో ఏవో ఫోన్లు నడిచాయి. సాయంత్రానికి ఆ పాతాయన స్కూటరు మీద వచ్చారు. నేనెవరో ఆయనకు తెలియదు. కవరు విప్పి, అక్కడే నిలబడి చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాకే నేను చేరిక పత్రం మీద సంతకం పెట్టాను.

ఈ రంగంలోకి వచ్చే పిల్లలు నన్నడిగితే ఒక్కటే చెబుతాను. ఇంటర్వ్యూలో జీతం సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. మీకు ముందు ఆ కుర్చీలో ఉన్న మనిషికి కాగితాలన్నీ ఇచ్చేశారా అని మొదట అడగండి. రేపు మీరు వెళ్ళేటప్పుడు మీకేం జరుగుతుందో ఆ జవాబులోనే తెలుస్తుంది.