తడి తూకం

ఆ ప్రయోగశాలలో ఆవిడను అందరూ ‘ఆరనివ్వండి మేడం’ అంటారు. ఎవరైనా తడి సరుకును త్రాసు దగ్గరికి తీసుకెళ్తే చాలు, ఇంతెత్తున లేస్తుంది. “తువ్వాలును నీళ్ళతో సహా తూస్తారా? ఆరనివ్వండి!” బెంజీన్ వలయానికి సయనైడ్ ముక్కను అతికించి నైట్రైల్ అనే రసాయనం చేయడం ఆవిడ పని. విషంతో వ్యవహారం కనుక, పని మధ్యలో ముక్కు దురద పెట్టినా చెయ్యి పైకి లేవదు. మొన్న ద్రావణంలోంచి తెల్లటి స్ఫటికాల పలుకులు దిగితే ఆల్కహాల్‌తో కడిగింది. కాస్త వేడి తగిలితే కరిగిపోయే రకం. వాక్యూమ్ కింద నిదానంగా ఆరాల్సిందే. ఆవిడ భోజనానికి వెళ్ళిన సందు చూసుకుని పెద్దసారు, ఆల్కహాల్ ఓడుతున్న ఆ పలుకులనే తూచి, దిగుబడి అదిరిపోయిందని పైవాళ్ళకు ఫోన్ కొట్టేశాడు. మర్నాడు ఆరిన సరుకు తూస్తే మూడోవంతు తగ్గింది.

“ఏమ్మా, ఎక్కడ ఒలకబోశావు?” అని అందరి ముందూ గద్దించాడు.

తొందర ఆయనది, నింద ఆవిడకు! ముఖం జేవురించింది. చేతి తొడుగులు లాగి బల్ల మీద కొట్టింది.

“మీరు తూచింది ఆల్కహాల్‌ని సార్. అది ఆవిరై పోయింది. పైవాళ్ళకు ఫోన్ చేసి ఆ మాట కూడా మీరే చెప్పండి.”

“సర్లే, నిన్న చెప్పిందే ఉండనీ. మళ్ళీ ఎవరు తూస్తారు గనక?” అని గొణిగాడాయన.

ఆవిడ ఆరిన సరుకున్న సీసాను అందరికీ కనిపించేలా త్రాసు మీద పెట్టింది.

“నేను.”