నాయన ఎడమ చెవి

మా చిన్నప్పుడు... మా నాయనకు ఎడమ చెవి నేనే.

సత్యవేడు పక్కన మా ఊరు. నాయన బడిపంతులు, ఆదివారాల్లో కబడ్డీ రెఫరీ. ఊరంతా ఆయన్ని ఐవారు అని పిలిచేది. వేరుశనగ పీకిన చేన్లో ముగ్గుపిండితో గీతలు గీసి ఆట పెట్టేవాళ్లు. అవతలి జట్టు మీదికి వెళ్లినవాడు గుక్క తిప్పుకోకుండా కబడ్డీ కబడ్డీ అని కూత పెట్టాలి. కూత తెగితే అవుట్. అది చెవితో పట్టాల్సిన తప్పు... ఆ గోలలో ఒక్క చెవితో నాయనకు అందేది కాదు.

అందుకే పదేళ్ల నేను ఆయన ఎడమ పక్కన నిలబడేదాన్ని. కూత తెగగానే చొక్కా అంచు లాగాలి. ఆయన విజిల్ ఊదుతాడు. జీతం లేని ఉద్యోగం... పెత్తనం మాత్రం బోలెడు.

ఆ చెవి పోగొట్టినవాడు చెంగల్రాయుడు.

వాడు మామూలు ఆటగాడు కాదు. చిత్తూరు నుంచి తిరుపతి దాకా ఊళ్లు డబ్బిచ్చి పిలిపించుకునే ఆటగాడు. అదే వాడి బతుకుతెరువు. ఒక పోటీలో నాయన అవుట్ ఇచ్చాడని అరచేత్తో గూబ మీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ... నాయన నేల మీద కూలబడిపోయాడు. చెవిలోంచి రక్తం. పళ్ల మధ్య విజిల్ అలాగే ఉంది.

చిత్తూరు కోర్టులో నాయన సాక్ష్యం చెప్పాడు. చెంగల్రాయుడికి ఏడాదిన్నర జైలు పడింది.

బయటికి వచ్చిన వారానికి మా వాకిట్లో నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. గడప దాకా రాలేదు.

"ఐవారా, ఆట తప్ప నాకింకేమీ రాదు. ఏ ఊరోళ్లూ పిలవడంలే. మీరు విజిల్ ఊదేట్లయితేనే ఆడనిస్తారంట."

అమ్మ లోపలి నుంచే అందుకుంది. "బాగుండాది యవ్వారం! చెవి పగలగొట్టినోడికి ఆ చెవే సిఫారసు చెయ్యాల్నా?"

నాయన గడప దాటి వాడి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తర్వాత అన్నాడు... "కోర్టు యేసిన శిక్ష నువ్వు పడినావు. ఇంకా యేసేదానికి నేను జడ్జీని గాను. ఒక్క ఆట ఊదుతా. చెయ్యి లేస్తే మాత్రం, ఇంక యాడా నువ్వు గీత తొక్కకూడదు."

ఆ పూట అమ్మ వడ్డించిన సంగటి ముద్ద నాయన తట్టలో దబ్బున పడింది. ఆ చప్పుడు చెడిన చెవికి కూడా వినిపించే ఉంటుంది.

ఆదివారం చేను జనంతో నిండిపోయింది. ఆట చూడ్డానికి వచ్చినవాళ్లు తక్కువ. వాడి చెయ్యి చూడ్డానికి వచ్చినవాళ్లే ఎక్కువ. "ఐవారా, ఆ ఇంకో గూబ బద్రం!" అని ఎవరో కేకేస్తే అందరూ నవ్వారు. చెంగల్రాయుడు తల ఎత్తలేదు.

బాగా ఆడాడు... ఏం చేయను, అది నిజం. చివరికి రెండు జట్లూ సమానం. ఆఖరి కూత వాడిది. గీత తాకి, ఆ చేతిని కళ్లకద్దుకుని వెళ్లాడు. అవతలి జట్టులో ఒకణ్ణి కాలివేలితో తాకి వెనక్కి తిరిగాడు. కూత సన్నబడింది... కానీ తెగలేదు. నేను విన్నాను. స్పష్టంగా విన్నాను.

చొక్కా లాగాను.

నాయన విజిల్ ఊదాడు. అవుట్. ఆ ఒక్క పాయింటుతో వాడి జట్టు ఓడిపోయింది.

"తెగలే! కూత తెగలే ఐవారా!" అంటూ జట్టంతా మీదికొచ్చింది. వాళ్ల వెనక వాడు. రొప్పుతున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాయన ఒక చేత్తో నన్ను తన వీపు వెనక్కి తోసేశాడు. దెబ్బ పడితే నా మీద పడకూడదని...

చెంగల్రాయుడి కుడిచెయ్యి లేచింది. చేనంతా ఊపిరి బిగబట్టింది.

ఆ చెయ్యి తన జట్టువాళ్లకు అడ్డంగా చాచాడు.

"ఐవారు ఊదినాడు. అయిపోయింది. పదండబ్బా."

వెళ్లేముందు, నాయన వీపు పక్కనుంచి తొంగిచూస్తున్న నన్ను చూశాడు. కూత పెట్టినవాడికి తెలియదా, తన కూత తెగిందో లేదో! అయినా తల తిప్పుకుని నడిచాడు.

ఇంటికి వస్తూ నాయన అడిగాడు. "కూత తెగిందా పాపా?"

"తెగింది నాయనా."

రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

ఆ తర్వాత చెంగల్రాయుడికి మళ్లీ పిలుపులు వచ్చాయి. ఊళ్లన్నీ ఆ చెయ్యి సంగతే చెప్పుకున్నాయి. నా అబద్ధం ఆయనకు మేలు చేసిందని మాత్రం నేను చెప్పుకోను. అంత సిగ్గులేనిదాన్ని కాదు. ఎక్కడ కనిపించినా "బాగుండావా పాపా?" అనేవాడు. అంతే. నేను తల వంచుకుని నడిచేదాన్ని.

పెద్దయ్యాక నేనూ టీచర్నయ్యాను. అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించాను. నేను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు.

మొన్న శ్రీసిటీలో పనిచేసే మా మనవడు ఫోన్ చూపించాడు. ఎవరో పేరున్న కబడ్డీ ఆటగాడట... ఒకణ్ణి కొట్టి జైలుకెళ్లి వచ్చి, మళ్లీ ఆడతానంటున్నాడట. కింద వేలమంది తీర్పులు.

"అవ్వా, ఇట్లాంటోణ్ణి మళ్లీ ఆడనీవచ్చునా?"

"దెబ్బ తిన్నోణ్ణి అడిగినారా?"

"ఏమో... అడిగినట్టు లేదు."

"ముందు ఆయన్నడగమను. తర్వాత, తప్పుడు విజిల్ ఊదితే వీడేం చేస్తాడో చూడమను."

వాడు నవ్వాడు, నేనేదో చమత్కరించానని.

ఇప్పుడు నాయన లేడు, చెంగల్రాయుడూ లేడు. ఈనాటి ఆటలకు చుట్టూ కెమెరాలు... అనుమానమొస్తే మళ్లీ వేసి చూపిస్తారు. మా చేన్లో కెమెరా లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను.

మీ ఊళ్లోనూ శిక్ష పడి తిరిగొచ్చినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లేం చేశారో ఊరందరికీ తెలుసు... వాళ్లు వచ్చాక మీరేం చేశారో రాయండి.