గోపాల్‌పేట దాకా, ఒక ఇత్తడి పటర్ కోసం

మూడడుగుల దూరంలో ఉన్న గుంతలోకి బంతిని నెట్టలేకపోవడం వల్ల నేను ఈ ప్రయాణం చేశాను. గోల్ఫ్ ఆడేవాళ్లకు ఈ మాట చాలు. ఆడనివాళ్లకు చెప్పాలంటే, పెళ్లిభోజనం అంతా పద్ధతిగా తిని, ఆఖర్న పెరుగన్నం చొక్కా మీద పోసుకున్నట్టుంటుంది. నాలుగు వందల గజాలు బుద్ధిగా వచ్చిన బంతి గుంత పక్కన ఆగుతుంది. పటర్ తీస్తాను. పటర్ అంటే ఆఖరి నెట్టు నెట్టే పొట్టి కర్ర. వెనక్కి బాగానే పోతుంది. ముందుకొచ్చే క్షణంలో కుడిచెయ్యి చేప తోకలా చిన్నగా తుళ్లుతుంది. బంతి పక్కకు పోతుంది. అరవై ఏడేళ్ల చెయ్యి, నా మాట వినడం మానేసి రెండేళ్లయింది.

హైదరాబాద్‌లో ఒక గోల్ఫ్ కోర్సు గోడ పక్కన నాకు చిన్న దుకాణం ఉంది. కర్రలకు చెయ్యి జారకుండా తొడిగే రబ్బరు గ్రిప్పులు మారుస్తాను, విరిగిన కాడలు అతికిస్తాను. అంతకుముందు అదే కోర్సులో సంచులు మోసిన క్యాడీని. ఆట నాకెవరూ నేర్పలేదు. మోస్తూ చూశాను, చూస్తూ దొంగిలించాను. సోమవారం సభ్యులు రారు కాబట్టి ఆ పొద్దున మావంటివాళ్లం ఆడుకుంటాం. దుకాణానికొచ్చే పెద్దమనుషులు ఒక్కొక్కరి దగ్గర నాలుగేసి పటర్లుంటాయి. "సమస్య కర్రలో లేదు సార్" అనుకుంటాను మనసులో. పైకి మాత్రం గ్రిప్పు ధర చెబుతాను. అలాంటివాణ్ణి నేనే చెయ్యి తుళ్లడం మొదలయ్యాక తొమ్మిది వేలు పెట్టి కొత్త పటర్ కొన్నాను. తుళ్లింపు మర్నాటికే దాంట్లోకి కాపురం మార్చింది. సాధన చేయలేదా అంటే, చేశాను. దుకాణం గచ్చు మీద సుద్దగీత గీసి, రెండు అగ్గిపెట్టెల సందులోంచి, పడుకోబెట్టిన స్టీలు గ్లాసులోకి రోజూ వంద బంతులు నెట్టాను. అక్కడ వందకు తొంభై పడతాయి. గడ్డి మీద, నలుగురి ముందు, పది కూడా పడవు.

అప్పుడు గుర్తొచ్చింది ఇత్తడి పటర్.

ముప్ఫై ఏళ్ల పైమాట. మా కోర్సులో కొత్త గ్రీన్లు, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మడులు, కట్టడానికి పాలమూరు నుంచి మట్టిపని బ్యాచి దిగింది. అందులో ఏసేపు అని నా ఈడువాడు ఒకడు. పార పక్కన పెట్టి, చెప్పులు లేకుండా మట్టి మీద మెల్లగా నడిచి, "ఈడ బొటనవేలంత పల్లం ఉంది" అనేవాడు. ఇంజినీరు మట్టం చూసే గాజుబుడ్డి పెట్టి చూస్తే ఉండేది. పొద్దుగూకాక, సభ్యులు పోయాక, మేమిద్దరం ఆడేవాళ్లం. ఎవరో పారేసిన ఇత్తడి తలకు నేను కొత్త కాడ బిగించాను. నా మొట్టమొదటి మరమ్మతు అదే. కర్ర ఒకటి, మేం ఇద్దరం. అందుకని వారం వాడి దగ్గర, వారం నా దగ్గర. శనివారం సాయంత్రం చేతులు మారేది. ఒక గురువారం నేను పనికి వెళ్లేసరికి రేకుల గుడిసెలు ఖాళీ. బ్యాచిని లారీ ఎక్కించి ఇంకో ఊరి పనికి తోలారు. అది ఏసేపు వారం.

ఆ కర్రతో మూడడుగుల బంతి తప్పినట్టు నాకు గుర్తు లేదు. ముసలివాళ్ల జ్ఞాపకం ఎవరి పక్షాన సాక్ష్యం చెబుతుందో నాకు తెలుసు, అయినా నమ్మాను. వచ్చే సోమవారం పాత క్యాడీల పోటీ. ఆలోపు ఆ పటర్ నా చేతిలో ఉండాలి. ఖాళీ కర్రసంచి ఒకటి, కొత్త రబ్బరు గ్రిప్పు ఒకటి, రెండువైపులా అంటుకునే టేపు, టేపు జిగురును తడిపే సాల్వెంట్ సీసా, నాలుగు బంతులు సర్దుకుని బుధవారం మధ్యాహ్నం కాచిగూడలో రైలెక్కాను. నాకు తెలిసిన చిరునామా ఒక్కటే: బ్యాచి మేస్త్రి తిమ్మప్పది గద్వాల.

రిజర్వేషన్ లేని పెట్టెలో టికెట్టు వంద లోపే. కిటికీ దొరికితే ఇంకేమీ అక్కర్లేదు. సాయంత్రానికి గద్వాల. స్టేషను దగ్గర లాడ్జి ఆరువందలు. వేడినీళ్లు ఆరున్నర నుంచి ఏడు దాకా మాత్రమే వస్తాయి, ఆలస్యమైతే ధైర్యం చేయాల్సిందే. మర్నాడు పొద్దున్నే మగ్గాల సందులో అడగ్గా అడగ్గా తిమ్మప్ప ఇల్లు దొరికింది. ఎనభై దాటిన మనిషి, మంచం మీద ఎండ కాగుతున్నాడు.

"బర్రి, బర్రి, కూసోండి" అన్నాడు, నేనెవరో అడక్కుండానే. బర్రి అంటే రండి అని; రాయచూరు కన్నడ గాలి ఇక్కడి పలకరింపులో ఉంటుంది. ఏసేపు పేరు చెప్పగానే నవ్వాడు. "కాళ్లతోటి కొల్సేటోడా? వాడు గోపాల్‌పేట అల్లుడాయె, ఆన్నే ఉంటుండు. వనపర్తి బస్టాండు ఎనక వాని బిడ్డ కరుణమ్మ రొట్టెలు సేస్తది, ఆమెనడుగు. నీకేం బాకీ ఉన్నడా?"

"ఒక వారం బాకీ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

గద్వాల నుంచి వనపర్తికి ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు మీదుగా గంటన్నర. టికెట్టు ఎనభై లోపు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆ బస్సులో టికెట్టు కొన్నవాళ్లం నాతో కలిపి అయిదుగురం. కండక్టరు నా పొడుగు సంచి తడిమి, "ఏంది తాతా, తుపాకా?" అన్నాడు. ఖాళీ అని విప్పి చూపిస్తే ఇంకా అనుమానంగా చూశాడు. కృష్ణ మీద వంతెన దాటుతుంటే అందరూ చిల్లర వేసి దండం పెట్టారు. నేనూ ఒక రూపాయి వేసి, నదిని కాస్త సిగ్గుగానే పటర్ అడిగాను.

వనపర్తిలో పది గంటలకు కరుణమ్మ పెనం ముందు నిలబడ్డాను. జొన్నరొట్టె పదిహేను రూపాయలు, పల్లి పచ్చడి దానితోనే. ఏసేపు కోసం వచ్చానంటే, రొట్టె తడుతూనే నన్నూ, నా పొడుగు కర్రసంచినీ ఎగాదిగా చూసింది. "నర్సింలు పెద్దనాయనవా? మా నాయన నీ ముచ్చట సెప్పని పండుగ లేదు. ఇన్నొద్దులు యాడ వోయినవ్?"

"ఆ ఇత్తడి కర్ర ఇంకా ఉందా బిడ్డా?" తిండి తింటూ అడిగాను, మామూలుగా అడిగినట్టు.

"ఉండుడేంది! నిద్రల తప్ప సేతులకెళ్లి ఇడ్వడు."

వాడు ఇంకా ఆడుతున్నాడన్నమాట! ఆమె ఆరు రొట్టెలు మూటగట్టి, డబ్బులు తీసుకోకుండా, "ఆయనకిచ్చి ముందట కూసోని తినిపియ్యి" అని పంపింది. గోపాల్‌పేటకు షేర్ ఆటో ముప్ఫై రూపాయలు, అరగంట పైన. రెండు పక్కలా పత్తి ఏరుతున్నారు. ఆటో దిగి, ఊరి చివర సిలువ గుర్తున్న తలుపు ముందు నిలబడి పిలిచాను.

లోపల్నుంచి టక్, టక్ మని చప్పుడు వచ్చింది. తరవాత ఏసేపు వచ్చాడు. పటర్ తలకిందులుగా ఉంది. ఇత్తడి తల వాడి అరచేతిలో, గ్రిప్పు నేల మీద. వాడు దాని మీద బరువేసి నడుస్తున్నాడు.

"ఎవరది?"

"నర్సింలును."

"ఏ నర్సింలు? సంచులు మోసే నర్సింలా?" దగ్గరికొచ్చి మొహం చూశాడు. "గింత ముసలోడివైనవేందిరా!"

"నువ్వేమన్న పెళ్లికొడుకులెక్క ఉన్నవా?"

ఇద్దరం నవ్వాం. ఎక్కువ నవ్వితే ఇంకేదో అవుతుందని మధ్యలో ఆపేశాం. "దేనికోసమొస్తివి?" అన్నాడు. "నిన్ను సూద్దమని" అన్నాను. భుజానికున్న ఖాళీ సంచిని నెమ్మదిగా వీపు వెనక్కి తోశాను.

రొట్టెలు తిన్నాక చెయ్యి సంగతి చెప్పాను. అరుగు మీద కూర్చుని, "సూపెట్టు" అని కర్ర నా చేతికిచ్చాడు. ముప్ఫై ఏళ్ల తరవాత! చెంబు మూడడుగుల దూరంలో పడుకోబెట్టి, వాకిట్లో బంతి పెట్టి, ఊపిరి బిగబట్టి నెట్టాను. తప్పింది. ఇంకోటి. అదీ తప్పింది. రైలు, లాడ్జి, బస్సు, నదికిచ్చిన రూపాయి, అన్నీ కలిసి నన్ను చూసి నవ్వినట్టయింది.

"నీ పానమంత ఆ చెంబుల ఉంది" అన్నాడు ఏసేపు. "చెప్పులిడ్వు. ఇప్పుడు సెప్పు, ఏ కాలు కింద పల్లముంది?"

"తెల్వదు."

"జర నిలబడు, తెలుస్తది."

నిలబడ్డాను. చల్లటి మట్టి. కాసేపటికి ఎడమ మడమ కొంచెం దిగినట్టనిపించింది. "ఎడమ మడమ" అన్నాను. "ఆఁ. గట్ల సెప్పుకుంటనే కొట్టు. బంతి ముచ్చట మర్శిపో." ఎడమ మడమ, ఎడమ మడమ అని పైకే గొణుక్కుంటూ నెట్టాను. చెంబు ఖంగున మోగింది. పదింట్లో ఏడు పడ్డాయి. ఏడోది పడ్డాక చెయ్యి ఉన్న సంగతే మరిచిపోయాను. ఇన్నాళ్లూ నేను చేతికి మందు వేస్తున్నాను. వీడు నా ధ్యాసను తీసుకెళ్లి అరికాళ్లలో కూర్చోబెట్టాడు.

"నువ్వొకటి కొట్టు" అన్నాను.

"నా కాళ్లకు సోయి లేదురా. షుగరు. పోయినేడు నిప్పు తొక్కితే, వాసనొచ్చినంక తెలిసింది." వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. "కింద మెత్తగుందా గట్టిగుందా గీ కర్రనే సెప్తది. ఈ నడుమ ఇదీ జారుతది. రెండుసార్లు వడ్డ."

కర్ర తిప్పి చూశాను. నేను బిగించిన పాత గ్రిప్పు అరిగి, లోపలి ఇనుప అంచు బయటపడింది. గచ్చు మీద జారకేం చేస్తుంది? సంచి తెరిచాను. సోమవారం కోసం తెచ్చుకున్న గ్రిప్పు తీశాను. పాతది కోసి ఒలిచి, టేపు చుట్టి, సాల్వెంట్ పోసి, కొత్తది ఒక్క దెబ్బలో ఎక్కించాను. పై చివర ఇత్తడి అంచులు అరచేతికి గుచ్చుకోకుండా నా తువ్వాలు చించి కుట్టాను. ఇన్నేళ్లలో నేను చేసిన మరమ్మతుల్లో ఆటకు పనికిరానిది ఇదొక్కటే.

"నాలుగు గంటలు నేల మీద పెట్టొద్దు. ఆరాలె" అన్నాను.

"నాలుగ్గంటలా? ముందల బీడీ తాగేంతల ఆరుతదంటుంటివి!"

"ఇప్పటి రబ్బరు వేరు."

"మరి నేనెట్ల నడ్వాలె?"

భుజం చూపించాను. ఆ పగలంతా వాడు నా భుజం పట్టుకుని నడిచాడు. చర్చి దాకా, చెరువుగట్టు కింది కోసిన మడి దాకా, చాయ్ కొట్టు దాకా. నేను చెప్పుల్లేకుండా. ప్రతి పది అడుగులకూ అడిగేవాడు: "ఈడెటు వాలింది?" నేను చెప్పేవాణ్ణి. తప్పు చెబితే మడి అంచున నీటి చార చూపించి తిట్టేవాడు. మడి మధ్యలో ఆగి, ఎటో చూస్తూ అడిగాడు:

"ఆ ఏడో గ్రీను మీద వాన నీళ్లు నిలుస్తున్నయా?"

"ఎంత వాన పడ్డా పావుగంట."

"ఎడమ మూలకే పోతున్నయా?"

"ఎడమ మూలకే."

తల ఊపాడు. వాడు కాళ్లతో కొలిచి వాలు కట్టిన ఆ గ్రీను మీద గడ్డి మొలవకముందే వాళ్లను లారీ ఎక్కించారు. జెండా పాతిన ఏడో గ్రీను వాడు ఎన్నడూ చూడలేదు.

నాలుగింటికి నాగర్‌కర్నూల్ బస్సు వచ్చే వేళయింది. ఏసేపు ఆరిన కర్రను నేల మీద గుద్ది చూశాడు. జారలేదు. తరవాత దాన్ని నావైపు చాచాడు. "ఆ ఖాళీ సంచి నాకు అగుపడలేదనుకున్నవా? తీస్కపో. మస్తు దినాలుంచుకున్న. ఇగ నీ వారం."

పట్టుకుని తీసుకుంటే తీసుకోగలిగేవాణ్ణి. ఇత్తడి మెరుస్తూనే ఉంది. "ఇయ్యాల గురువారమే కదరా. శనివారం దాక నీదే" అన్నాను.

నాగర్‌కర్నూల్ బస్టాండులో అయిదింటికి చాయ్ తాగాను. హైదరాబాద్ బస్సులు తరచుగానే ఉంటాయి, రెండు వందల పైన, మూడు గంటలు. పక్క సీటాయన ఖాళీ సంచి చూసి ఏదో పోగొట్టుకున్నారా అని అడిగాడు. లేదన్నాను. ఆ ఇత్తడి కర్ర కోసం బయల్దేరాననుకున్నాను కానీ, నాకు కావలసింది పొద్దుగూకే వేళ, ఒకే కర్ర, "ఇగ నీ వంతు" అనే ఒక గొంతు. అవి మన వెంట సంచిలో రావు. సోమవారం నేను ఓడిపోయాను. కానీ ఏడో గ్రీను దగ్గర బూట్లు విప్పి, వట్టి కాళ్లతో నిలబడి, "ఎడమ మూలకే" అనుకుంటూ మూడడుగుల బంతి నెట్టాను. పడింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను పక్కకు తిరిగి, ఎవరూ లేని చోటికి చూశాను.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. గ్రిప్పు మార్చాక ఇప్పటి సాల్వెంట్‌తో గంటసేపు ఆరితే చాలు. నేను నాలుగని చెప్పాను. మీరు కలవబోయేది పాత స్నేహితుణ్ణయితే మీరూ అలాగే చెప్పండి, తిరుగు టికెట్టు ముందుగా కొనుక్కోకండి.