బోణీ కాని కబురు

గురునాథం ఏం ఉద్యోగం చేస్తాడని రాయపూర్ శివారు మోవాలో ఎవరడిగినా ఆయన భార్య అప్పలనరసమ్మ ఒకటే చెప్పేది: "లోకంలో ఏటి పాడైపోతాదో ముందుగా సేఠ్‌కి చెప్పడం." విన్నవాళ్లు జాతకాలు చూస్తాడేమో అనుకునేవారు. ఒకరిద్దరు ఆయన ముందు చెయ్యి కూడా చాపారు.

జాతకం కాదు. రాయపూర్ గంజ్ బజారులో ఛోగాలాల్ సేఠ్‌కి బియ్యం కొట్టు, తిల్దాలో మిల్లు ఉన్నాయి. ఆయన అమ్మే దుబ్‌రాజ్ అనే వాసన బియ్యం బొంబాయి మీదుగా అరబ్బు దేశాలకు వెళ్లేవి. ఒకసారి బొంబాయిలో ఆయన ఓ కొత్త సంగతి విన్నాడు. పెద్ద కంపెనీల్లో యుద్ధాలూ, సమ్మెలూ, సర్కార్లు మారడాలూ కనిపెట్టి, వ్యాపారానికి ఎక్కడ దెబ్బ తగులుతుందో చెప్పడానికే మనుషులుంటారట. తిరిగొచ్చి తనకూ ఒకడు కావాలన్నాడు. బొబ్బిలి నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా అదే కొట్టులో ఉత్తరాలు రాసుకుంటున్న గురునాథానికి ఇంగ్లీషు వచ్చు, ఇంట్లో రేడియో ఉంది. అంతే, మర్నాటి నుంచి ఆయన ఖత్‌రా బాబు అయిపోయాడు. అంటే అపాయాల గుమాస్తా అన్నమాట.

పొద్దున్నే రేడియోకి చెవి ఆనించి కూర్చునేవాడు. ఎక్కడో సముద్రాల అవతల మంత్రి దిగిపోతే ఆయనకు తెలిసేది గానీ, ఇంట్లో కిరసనాయిలు అయిపోతే తెలిసేది కాదు. విన్నదంతా హిందీలో రాసి కొట్టుకు పట్టుకెళ్లేవాడు.

అక్కడొక చిక్కుంది. సేఠ్‌కి అపాయాలన్నీ తెలియాలి గానీ, బోణీ కాకముందు చెడ్డమాట చెవిన పడకూడదు. అందుకని మంచి కబుర్లు తెల్లకాగితం మీద రాసి కొట్టు తెరవగానే ఇవ్వాలి. చెడ్డవి పసుపు కవరులో పెట్టి ఉంచితే, మొదటి బేరం అయ్యాక విప్పుతాడు. మంచి కబురు దొరకని రోజున గురునాథం ఫలానా దేశంలో వానలు బాగా పడ్డాయని రాసేవాడు. అలాంటి రోజులే ఎక్కువ.

పోనీ ఆ పసుపు కవరుకైనా విలువుందా అంటే, అదీ అంతంతమాత్రమే. జరగని నష్టానికి ఎవరు దండం పెడతారు? రేవులో సమ్మె వస్తుందని ఆయన రాస్తే సేఠ్ సరుకు ఆపాడు. సమ్మె ఒక్క పూటలో తేలిపోయింది. "ఇంకోసారి తప్పితే మీ రేడియో మీ ఇంట్లోనే వింటూ కూర్చోండి" అన్నాడు సేఠ్.

తొంభైలో, ఆగస్టు రెండో తారీకున పొద్దుటి నుంచీ కుండపోత. మధ్యాహ్నం గురునాథం సైకిలు మీద తడిసి ముద్దయి వచ్చి, కంచం ముందు కూర్చుని కదల్లేదు.

"ఏటండీ, పప్పుచారులో ఏ దేశం కనబడతంది?" అంది అప్పలనరసమ్మ.

"కువైట్. తెల్లారకముందే ఇరాక్ వాళ్లు లోపలికి వచ్చేశారు. మన బియ్యం అక్కడికే. తిల్దాలో వ్యాగన్లకెక్కించేశారు. ఐదింటికి గూడ్సు వెళ్లిపోతాది."

"సేఠ్‌కి చెప్పలేదేటి?"

"కవరు పెట్టాను. ఈ వానకి ఒక్కడూ రాలేదు, బోణీ అవలేదు."

"నోరుంది కదా."

"తెరవబోతే చెవులు మూసుకున్నాడు. బోణీ కాకముందు మాట్లాడితే రేపట్నుంచి రావద్దన్నాడు. సరుకు పోతే ముందే ఎందుకు చెప్పలేదని అప్పుడూ రావద్దంటాడు."

"ఓ కేజీ మీరే కొనీలేకపోయారా?"

"కొట్టులో జీతగాడి చేతి బోణీ, వాడి ఇంటివాళ్లదీ చెల్లదే. బస్తాకి తక్కువ అమ్మడు కూడాను." కంచం పక్కకి జరిపాడు. "యాభై నాలుగొచ్చాయి. లోకం పాడైపోతాదని చెప్పేవాణ్ని ఇంకెవడు పెట్టుకుంటాడు?"

ఆయన తిరిగి కొట్టుకు వెళ్లగానే ఆవిడ పక్కింటి తలుపు తట్టింది. పక్కింటి సారమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సు. నిన్ననే జీతం అందుకుంది.

"సారమ్మా, నీకు వాసన బియ్యం కావాల."

"నాకెందుకక్కా?"

"కావాల. సగం నీకు, సగం నాకు. గొడుగు తియ్యి."

రిక్షా గంజ్ చేరేసరికి నాలుగైంది. గురునాథం స్తంభం వెనక కూర్చుని ఉన్నాడు. అప్పలనరసమ్మ ఆయన వంక చూడలేదు. గల్లాపెట్టె మీద చెయ్యి వేసుకు కూర్చున్న సేఠ్ లేచి నిలబడి "ఆయియే మాతాజీ" అన్నాడు. ఆయన ఆవిణ్ని ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

గబగబా కొని గండం గట్టెక్కించవలసిన మనిషి, బియ్యం దోసిట్లో పోసుకుని ఊదింది. నాలుగు గింజలు కొరికింది. "ఇందులో నూక ఉంది" అంది తెలుగు యాస తగిలే తన హిందీలో.

"లేదు మాతాజీ."

"రెండో బస్తా విప్పండి."

గోడగడియారం నాలుగుంబావు దాటింది. స్తంభం వెనక గురునాథం కలం కింద పడింది. సారమ్మ ఆవిడ నడుం గిల్లింది. రెండో బస్తా కూడా నచ్చలేదు. మూడోది కొరికి, "ఈ రేటుకి పండరీ బట్టల బజారులో పట్టుచీరొస్తుంది" అని మెట్లు దిగబోయింది. సేఠ్ దిగొచ్చాడు. నాలుగున్నరకు బేరం తెగింది.

సేఠ్ ఆ నోట్లు కళ్లకద్దుకుని పసుపు కవరు విప్పాడు. ఒక వాక్యం చదివి ఫోను మీద పడ్డాడు. తిల్దా దొరికేసరికి ఐదుకి ఏడు నిముషాలుంది. వ్యాగన్లు ఆగిపోయాయి.

"బేరం ఎందుకాడేవే? నా ప్రాణం పోయింది" అన్నాడు ఇంటికొచ్చిన గురునాథం.

"ఆడకపోతే ఏదో మతలబుందనుకోడా? అయినా నూక నిజంగానే ఉందండీ."

వారంలో కువైట్ దెబ్బ ఎంతటిదో బజారంతటికీ తెలిసింది. మిగతా వ్యాపారుల సరుకు బొంబాయి రేవులో ఇరుక్కుపోతే, సేఠ్ కొట్టులో దూద్‌పేడాలు పంచాడు. గురునాథం తనకేదో మంచిమాట దక్కుతుందని చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"కవరు మీరు రోజూ పెట్టేదే. ఆ తెలుగు మాతాజీ చెయ్యి పడకపోతే నేను విప్పేవాణ్నా? లక్ష్మీహస్తం. ఖత్‌రా బాబూ, ఇకమీదట మీ మొదటి పని ఆవిడ ఎక్కడుంటుందో కనిపెట్టడం" అన్నాడు సేఠ్.

నా భార్యేనని చెబితే ఆ బోణీ చెల్లదు. గురునాథం తల ఊపాడు. ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత ఆరేళ్లపాటు ప్రతి దీపావళికీ సేఠ్ అడగడం, "ఇంకా వెతుకుతున్నాను సేఠ్‌జీ" అని ఈయన చెప్పడం.

రిటైరయిన రోజున సేఠ్ శాలువా కప్పి, మిఠాయి పెట్టె చేతిలో పెట్టి నిట్టూర్చాడు. "భూమ్మీద ఏ మూల ఏం జరిగినా చెప్పారు. ఈ ఊళ్లో ఒక్క మనిషిని పట్టుకోలేకపోయారు."

గురునాథం ఆ మాట ఇంట్లో చెప్పాడు. అప్పలనరసమ్మ పెట్టె విప్పి ఒకటి కొరికి చూసింది.

"నెయ్యి కాదు, డాల్డా" అంది.