ఆఖరి వరసకి ఇనబడతందా

మైకు అన్నయ్య పోయాడని నరసన్నపేట నుంచి వదిన ఫోన్ చేసింది. నేనప్పుడు ఢిల్లీలో, దేశదేశాల పెద్దలొచ్చి మాట్లాడే ఆ సమావేశాల భవనంలో, ఆఖరి వరస కుర్చీలు తుడుస్తన్నాను. "అలాగే వదినా" అన్నాను. మళ్ళీ గుడ్డ తీసుకుని తుడిచాను.

మాది కళింగపట్నం. ఆయన నాకు సొంత అన్న కాడు. మా వైపు పెళ్ళిళ్ళకి మైకుసెట్లు కట్టీ కట్టీ, ఆ హాల్లో మైకుల పనికి కుదిరినవాడు. నేను బతుకుతెరువుకి ఒక్కదాన్నే వచ్చాను. హిందీ ముక్క రాదు. వారం రోజులు ఎవరితోనూ నోరు విప్పలేదంటే నమ్మండి. ఒకరోజు పొద్దున్న ఖాళీ హాల్లో పైకప్పులోంచి వినబడింది: "ఏటర్రా, కూడు తిన్నారా?"

ఓలమ్మో! అక్కడే కూలబడి ఏడ్చేశాను. ఎవర్నీ అడగటం కాదట, మైకు సరిచూడ్డానికి రోజూ అలాగే అంటాడట. "ఒకటి రెండు మూడంటే మైకు పలుకుతాది సెల్లీ. కూడు తిన్నావా అంటే మనిసి పలుకుతాది" అనేవాడు. ఆ మాటే లేకపోతే రెండోవారమే రైలెక్కేసేదాన్ని.

అప్పట్నుంచి ఆయన వేదిక మీంచి అడగడం, వినబడిందని నేను ఆఖరి వరసలో గుడ్డ ఎత్తడం. అరిస్తే సూపర్‌వైజరు ఊరుకోడు మరి. ఒకసారి ముందు వరసలో విదేశీ పెద్దమనిషి కూచున్నాడు, అన్నయ్య చూసుకోలేదు. "సెల్లీ, ఎండుసేపల కూరైతే నాకూ ఇంత ఉంచు!" అని హాలంతా మోగించాడు. పాపం, ఆ పెద్దమనిషి ప్రార్థన అనుకున్నాడు కాబోలు, లేచి దణ్ణం పెట్టాడు.

పోయిన నెల పని మానేసి ఊరెళ్ళిపోతానన్నాడు. "మోకాళ్ళు మాట ఇనట్లేదు సెల్లీ, ఇంక సాలు." నాకు ఒళ్ళు మండింది. నన్నిక్కడ ఒక్కదాన్నే వదిలేసి పోతాడా? ఆఖరి రోజు వేదిక మీంచి అడిగాడు.

"సెల్లీ, కూడు తిన్నావా?"

నేను గుడ్డ ఎత్తలేదు.

"కోపమేటే? ఇనబడతందా?"

వినబడింది. ఎత్తలేదు. మూడోసారీ అడిగాడు. మైకుని వేలితో తట్టి చూసుకుని, మెల్లగా దిగిపోయాడు. మైకు బాగానే ఉన్నాది అన్నయ్యా. నా బుద్ధే బాగోలేదు.

ఇప్పుడు కొత్తతను వచ్చాడు. "హలో, వన్, టూ, త్రీ" అంటాడు. వదిన ఫోన్ చేసిన మర్నాడు, అతనలా అంటుండగా ఆఖరి వరసలో నిలబడి గుడ్డ ఎత్తాను. అతను వైర్లు చూసుకుంటున్నాడు, ఇటు చూళ్ళేదు. అన్ని ఖాళీ కుర్చీల వెనకాల, అతను వేదిక దిగేదాకా అలాగే ఎత్తి పట్టుకున్నాను.